మీ కెమెరా పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

(కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, చుట్టుపక్కల అసోసియేషన్ల వాళ్ల కోసం చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాశాం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పనులు పక్కనపెట్టి వచ్చారు, థాంక్స్. పిల్లలు కూడా చాలామంది కనిపిస్తున్నారు, మంచిది, ఇంట్లో ఫోన్లూ రౌటర్లూ సెట్ చేసేది ఎలాగూ వాళ్లే.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీ బిల్డింగ్‌లో సీసీ కెమెరాలున్నాయి కదా, వాటి రికార్డింగ్ పెట్టె, అదే డీవీఆర్, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు చేతులెత్తండి. పాస్‌వర్డ్ బయటికి చెప్పకండి, తెలిస్తే చెయ్యెత్తండి చాలు. ఆఁ... ఇద్దరు, ముగ్గురు. అంతేనా? మరి మిగతా బిల్డింగుల్లో ఎవరికి తెలుసు? అదిగో, వెనక నుంచి చెప్పేశారు, ‘బిగించిన అబ్బాయికి తెలుసు సార్’ అని. నేను ఏ కాలనీకి వెళ్లినా వినిపించే జవాబు ఇదే. ఇవాళ మనం మాట్లాడుకునేదంతా ఈ జవాబు గురించే.

డిఫాల్ట్ పాస్‌వర్డ్ అంటే ఫ్యాక్టరీలోనే పెట్టి పంపే పాస్‌వర్డ్. యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. లేదా 1234. లేదా 12345. కొన్నిటికి అసలు పాస్‌వర్డే ఉండదు, ఖాళీగా వదిలేసి ఎంటర్ కొడితే లోపలికి వెళ్లిపోతాం. లక్ష పరికరాలు తయారు చేస్తే లక్షకీ అదే. ఎందుకలా చేస్తారంటే చౌక కాబట్టి. ఒక్కో డబ్బాకి ఒక్కో పాస్‌వర్డ్ తయారు చేసి, స్టిక్కర్ వేసి, అది తప్పిపోకుండా చూసుకోవాలంటే ఫ్యాక్టరీకి అదనపు పని, అదే అన్నిటికీ ఒకటే పెడితే మాన్యువల్‌లో ఒక్క లైను రాస్తే సరిపోతుంది, సర్వీస్ సెంటర్‌కి ఎవరు ఫోన్ చేసినా ఒక్కటే జవాబు. ఆ మాన్యువల్ నెట్‌లో అందరికీ దొరుకుతుంది. మోడల్ నంబర్ కొట్టి వెతికితే మొదటి పేజీలోనే వస్తుంది. ఊరందరికీ ఒకే తాళంచెవితో తెరుచుకునే తాళాలు అమ్మి, ఆ తాళంచెవి బొమ్మని డబ్బా మీద అచ్చేసినట్టు.

ఇది చెప్పగానే చాలామంది ఒకే మాట అంటారు. ‘మా పార్కింగ్‌లో ఏముందండీ, నాలుగు కార్లు, పది స్కూటీలు, అవి చూడ్డానికి ఎవడికి పని?’ అని. ఈ ఆలోచనే మన కొంప ముంచుతోంది. ఎవడో ఎక్కడో కూర్చుని ప్రత్యేకంగా మీ ఇంటిని ఎంచుకోవడం లేదు. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి అడ్రసులు, ఐపీవీ4 అంటారు, మొత్తం కలిపితే సుమారు 430 కోట్లు. మనిషికి అది పెద్ద లెక్క, కంప్యూటర్‌కి కాదు. 2013లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు జెడ్‌మ్యాప్ అని ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేసి, ఒక్క కంప్యూటర్‌తో, మంచి కనెక్షన్ ఉంటే, మొత్తం ఇంటర్నెట్‌ని 45 నిమిషాల్లోపే ఒకసారి తట్టి రావచ్చని చూపించారు. మనం ఇక్కడ మాట్లాడుకుని టీ తాగేలోపు అయిపోతుందన్నమాట. 2009 నుంచీ షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ ఉంది, గూగుల్ వెబ్‌సైట్లని వెతికినట్టు అది నెట్‌కి తగిలించిన కెమెరాలు, రౌటర్లు, ప్రింటర్లు, ఫ్యాక్టరీ కంట్రోలర్లని వెతికిపెడుతుంది. భద్రత మీద పనిచేసేవాళ్లకి అది చాలా ఉపయోగం. దురుద్దేశం ఉన్నవాడికీ అంతే ఉపయోగం.

కాబట్టి మీ తలుపు రోజూ ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. యంత్రం తడుతుంది. తెరుచుకుంటే లోపలికొస్తుంది, లేకపోతే పక్క తలుపుకి పోతుంది. కూకట్‌పల్లా, కొలరాడోనా అన్నది దానికి పట్టదు.

ఇది ఎంత దూరం పోతుందో చెప్పడానికి మిరాయ్ కథ చెప్పాలి. కొంచెం ఓపిగ్గా వినండి, ఈ రంగంలో మా అందరి ఆలోచననీ మార్చిన సంఘటన ఇది. 2016 ఆగస్టులో మిరాయ్ అనే ఒక మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, బయటపడింది. అది చేసే పని చాలా సాదాగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఏదో ఒక అడ్రసు తీసుకుంటుంది, అక్కడ టెల్నెట్ అనే పాతకాలపు దారి తెరిచి ఉందేమో చూస్తుంది, ఉంటే తన దగ్గరున్న లిస్టులోంచి ఒక పది యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు తీసి ప్రయత్నిస్తుంది. ఆ లిస్టు మొత్తంలో ఉన్నవి 62 జతలు. అంతే. సినిమాల్లో చూపించే హ్యాకింగ్ ఇందులో ఏమీ లేదు, నల్ల స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు పరిగెత్తడాలు లేవు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు 62 రాసుకుని వరసగా తలుపులు తట్టడమే. దానితోనే మొదటి 20 గంటల్లో దాదాపు 65 వేల పరికరాలు దాని చేతిలోకి వెళ్లాయి. తర్వాత కొన్నాళ్లు రెండు మూడు లక్షల దగ్గర నిలకడగా ఉండి, ఒక దశలో ఆరు లక్షలకి చేరింది. ఎక్కువ భాగం ఏమిటివి? సీసీ కెమెరాలు, డీవీఆర్‌లు, ఇంటి రౌటర్లు. మన డీవీఆర్ గదిలో ఉన్నలాంటివే.

ఆ లక్షల కెమెరాలు ఒకేసారి ఒకే వెబ్‌సైట్ మీద ట్రాఫిక్ కుమ్మరిస్తే ఆ సైట్ కూలిపోతుంది. సెప్టెంబరులో బ్రయాన్ క్రెబ్స్ అనే జర్నలిస్టు, సైబర్ నేరాల మీదే రాస్తారాయన, ఆయన సైట్ మీద సెకనుకి 600 గిగాబిట్లు దాటిన దాడి జరిగింది. అదే నెలాఖరులో మిరాయ్ రాసినవాళ్లు దాని కోడ్ మొత్తం నెట్‌లో పెట్టేశారు, ఎవరైనా వాడుకోండి అన్నట్టు. ఇక అక్టోబర్ 21న డిన్ అనే కంపెనీ మీద దాడి. ఈ పేరు మీరెవరూ విని ఉండరు, కానీ పెద్దపెద్ద వెబ్‌సైట్ల పేర్లని అడ్రసులుగా మార్చి చూపించే పని దానిది. అది తడబడేసరికి అమెరికాలో గంటల తరబడి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై, రెడ్డిట్ చాలామందికి తెరుచుకోలేదు. మిరాయ్ రాసిన ముగ్గురూ కాలేజీ వయసు కుర్రాళ్లు, 2017 డిసెంబర్లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు. మొదలెట్టింది మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్ల వ్యాపారంలో పోటీవాళ్లని దెబ్బతీయడానికట. ఇక్కడున్న పిల్లలకి మైన్‌క్రాఫ్ట్ తెలుసు, వాళ్లు నవ్వుతున్నారు. నవ్వొద్దు నాన్నా, వాళ్లు పిల్లల ఆట కోసం మొదలెట్టిందే దేశం మొత్తానికి తగిలింది.

ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం ఒకటుంది. ఆ లక్షల కెమెరాల యజమానులకి ఏమీ తెలియలేదు. వాళ్ల కెమెరా బాగానే పనిచేసింది. ఫోన్‌లో పార్కింగ్ కనిపించింది, రికార్డింగ్ అయింది. వెనకాల అదే పెట్టె ఇంకెవరి కోసమో పనిచేస్తోంది. ఇంకో సంగతి, మిరాయ్ మెమరీలోనే ఉంటుంది, కరెంటు తీసి పెడితే పోతుంది. కానీ పాస్‌వర్డ్ మార్చకుండా మళ్లీ ఆన్ చేస్తే కొద్ది నిమిషాల్లోనే మళ్లీ వచ్చేసేది, ఎందుకంటే తట్టే యంత్రాలు ఆగవు కదా. మన దగ్గర ఏ సమస్య వచ్చినా ‘ఆఫ్ చేసి ఆన్ చెయ్’ అంటాం. ఇక్కడ ఆ మంత్రం పనిచేయదు.

కొన్ని పరికరాల్లో ఇంకా ఘోరం. ఒక చైనా కంపెనీ, షియోంగ్‌మాయ్, తయారు చేసిన భాగాలు వేరే వేరే బ్రాండ్ల పేర్లతో ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. వాటిలో లోపలి పాస్‌వర్డ్‌ని సాఫ్ట్‌వేర్‌లోనే కలిపేసి పెట్టారు. మీరు యాప్‌లో పాస్‌వర్డ్ మార్చినా, లోపల ఆ రెండో పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది, మార్చే దారే లేదు. డిన్ దాడి తర్వాత ఆ కంపెనీ అమెరికాలో అమ్మిన కొన్ని కెమెరాలని వెనక్కి తీసుకుంటామంది. బ్రాండ్ పేరు లేకుండా, డబ్బా మీద తయారీదారు అడ్రసు లేకుండా తక్కువ ధరకి దొరికే కెమెరాల గురించి నేను జాగ్రత్త అని చెప్పేది ఇందుకే. కోఠి గుజరాతీ గల్లీలో మంచి సరుకూ ఉంటుంది, ఎవరు చేశారో తెలియని సరుకూ ఉంటుంది. ధర ఒక్కటే అడిగి కొనకండి. ‘దీనికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎక్కడ దొరుకుతుంది?’ అని అడగండి, ఫర్మ్‌వేర్ అంటే ఆ పెట్టె లోపల ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్. షాపులో సమాధానం లేకపోతే ఆ పెట్టెలో ఏ లోపం బయటపడినా మీరు బాగుచేసుకోలేరు.

మన దేశంలో జరగలేదా అంటే జరిగింది. 2017 జులైలో కర్ణాటకలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు వేల సంఖ్యలో పడిపోయాయి. ఇళ్లల్లో నెట్ లేదు. దెబ్బతిన్నవి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా వాడుతున్న మోడెమ్‌లు. దయచేసి పాస్‌వర్డ్ మార్చుకోండని ఆ సంస్థే వినియోగదారులకి చెప్పాల్సి వచ్చింది. ఇళ్లే అనుకోకండి, 2023 నవంబరులో అమెరికాలో పెన్సిల్వేనియాలో అలిక్విప్పా అనే ఊళ్లో నీటి సరఫరా సంస్థకి చెందిన ఒక పంపింగ్ స్టేషన్ కంట్రోలర్‌లోకి ఎవరో చొరబడ్డారు. ఆ రకం కంట్రోలర్ల డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఏంటో తెలుసా? నాలుగు ఒకట్లు. 1111. సిబ్బంది వెంటనే గమనించి చేత్తో నడిపే పద్ధతికి మారారు కాబట్టి నీళ్లకి ఇబ్బంది రాలేదు. ఒక ఊరి మంచినీళ్ల పంపు నాలుగు ఒకట్ల మీద ఆధారపడి ఉందంటే ఎంత బాధగా ఉంటుందో చెప్పండి. మన అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు వాటర్ ట్యాంక్ మోటర్లు ఫోన్‌తో ఆన్ చేసేవి వచ్చాయి, గేట్ దగ్గర బూమ్ బారియర్లు, లాబీలో వేలిముద్ర మెషిన్లు, మేడ మీద సోలార్ ఇన్వర్టర్‌కి వైఫై ముక్క. ఇవన్నీ నెట్‌కి తగిలించినవే. అన్నిటికీ ఒక అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటుంది. కెమెరా గురించి ఎక్కువ మాట్లాడుతున్నాను గానీ వీటిని మర్చిపోకండి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. హైదరాబాద్ ప్రపంచంలోనే ఎక్కువ కెమెరాలున్న నగరాల్లో ఒకటి. పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమంలో కాలనీల వాళ్లు తలా కొంత వేసుకుని కెమెరాలు పెట్టించుకున్నారు, షాపుల వాళ్లు పెట్టుకున్నారు. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే ప్రజా భద్రత చట్టం వచ్చింది. గొలుసు దొంగతనాలు, తప్పిపోయిన పిల్లలు, యాక్సిడెంట్ చేసి పారిపోయిన బండ్లు, ఎన్నో కేసుల్లో ఈ కెమెరాలే దారి చూపించాయి. నేను కెమెరాలకి వ్యతిరేకం కాదు. పెట్టడంలో చూపించిన పట్టుదల, పెట్టాక దాని తాళం ఎవరి చేతిలో ఉందో చూడ్డంలో చూపించలేదన్నదే నా బాధ.

అసలు విషయం ఇక్కడుంది. ఈమధ్య వచ్చిన పేరున్న బ్రాండ్ల డీవీఆర్‌లు చాలావరకు పాత డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో రావు. మొదటిసారి ఆన్ చేయగానే ‘కొత్త పాస్‌వర్డ్ పెట్టండి’ అని అడుగుతాయి. కంపెనీ తన పని చేసింది. కానీ ఆ సమయానికి టీవీ ముందు నిచ్చెన పక్కన నిలబడి ఉన్నది ఎవరు? బిగించడానికి వచ్చిన అబ్బాయి. సెక్రటరీ గారు కిందికొచ్చి ఒకసారి చూసి వెళ్లిపోయారు. అబ్బాయి ఏం పెడతాడు? అడ్మిన్ ఎట్ 123. తను చేసిన ప్రతి సైట్‌లో అదే పెడతాడు. కూకట్‌పల్లిలో అదే, మియాపూర్‌లో అదే, ఉప్పల్‌లో అదే. ఫ్యాక్టరీ డిఫాల్ట్ పోయింది, దాని చోట మన ఊరి డిఫాల్ట్ వచ్చి కూర్చుంది. నేను చూసినంతలో ఇప్పుడు మన దగ్గర పెద్ద ప్రమాదం ఇదే, ఫ్యాక్టరీది కాదు.

ఇక్కడ ఇన్‌స్టలేషన్ పని చేసే తమ్ముళ్లు కూడా వచ్చారు, వాళ్లని తప్పుపట్టాలని నేను ఈ మాట అనడం లేదు. వాళ్ల కష్టం నాకు తెలుసు. ఒక్కొక్కరు వందల సైట్లు చూసుకుంటారు. రాత్రి పదింటికి ఫోనొస్తుంది, ‘కెమెరా కనపడట్లేదు రా బాబూ’ అని. ఓనర్‌కి పాస్‌వర్డ్ చెప్తే మర్చిపోతాడు, రీసెట్ చేయాలంటే కంపెనీకి సీరియల్ నంబర్ పంపాలి, మెయిల్ కోసం ఆగాలి, ఒక పూట పోతుంది, ఆ పూటకి ఎవరూ డబ్బులివ్వరు. అందుకే అందరికీ ఒకటే. కానీ ఆలోచించండి తమ్ముడూ, నీ దగ్గర పనిచేసిన కుర్రాడు మానేసి వేరే షాపులో చేరాడు, ఆ పాస్‌వర్డ్ కూడా వాడితోపాటు వెళ్లింది. వాట్సాప్ గ్రూపులో సైట్ పేరు, దాని నెట్ అడ్రసు అంటే ఐపీ, పాస్‌వర్డ్ కలిపి పెట్టారు, ఆ గ్రూపులో ఎవరెవరున్నారో ఇప్పుడు నీకే తెలియదు. ఒక్కచోట బయటపడితే నువ్వు బిగించిన ఇళ్లన్నీ బయటపడ్డట్టే. రేపు ఎక్కడైనా ఏదైనా జరిగితే పోలీసులు మొదట పిలిచేది నిన్నే.

ఏదైనా జరగడం అంటే ఏంటో చెప్తాను, ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు కాబట్టి జాగ్రత్తగానే చెప్తాను. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరా వీడియోలు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో బయటపడ్డాయి. వైద్య పరీక్షలకి వచ్చిన ఆడవాళ్ల వీడియోలు. వాటిని డబ్బుకి అమ్ముతున్నారు. పోలీసులు మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్‌ల నుంచి మనుషుల్ని పట్టుకొచ్చారు. ఆ ఆసుపత్రి కెమెరా సిస్టం పాస్‌వర్డ్ అడ్మిన్ 123 అని తర్వాత వార్తల్లో వచ్చింది. ఆ తల్లులు ఏం తప్పు చేశారు? డాక్టర్ దగ్గరకి వెళ్లారు, అంతే. వాళ్లు ఎంత పెద్ద పాస్‌వర్డ్ పెట్టుకుంటే మాత్రం ఏం లాభం, తాళం వేయాల్సింది వాళ్లు కాదు కదా. నాకు ఈ కేసు గురించి మాట్లాడినప్పుడల్లా కోపం వస్తుంది. అసలు పరీక్ష చేసే గదిలో కెమెరా ఎందుకుంది అన్నది మొదటి ప్రశ్న. క్లినిక్‌లు నడిపేవాళ్లు, బట్టల షాపుల వాళ్లు, హాస్టళ్ల వాళ్లు ఎవరైనా ఇక్కడుంటే చేతులు జోడించి అడుగుతున్నాను, మనుషులు బట్టలు మార్చుకునే చోట, పరీక్ష చేయించుకునే చోట, పడుకునే చోట కెమెరా తీసేయండి. ఆ ఒక్క చోట పాస్‌వర్డ్ గురించి చర్చ కూడా అవసరం లేదు.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయంటే, కొంత కదలిక ఉంది. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి ప్రతి పరికరానికీ వేరు వేరు పాస్‌వర్డ్ ఉండాలి, లేదా మొదటిసారి వాడేటప్పుడే మార్పించాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకటే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో అమ్మడం నిషేధం, మీరితే కోటి పౌండ్లు లేదా ఆ కంపెనీ ప్రపంచవ్యాప్త ఆదాయంలో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా వేయొచ్చు. మన దగ్గర 2024 ఏప్రిల్‌లో కేంద్రం సీసీ కెమెరాల భద్రతకి నిబంధనలు తెచ్చింది, 2025 ఏప్రిల్ 9 నుంచి వాటి ప్రకారం పరీక్ష పాసైన కెమెరాలే అమ్మాలి. మంచి పని. అయితే ఇదంతా కొత్తగా అమ్మేవాటికి. మీ గోడ మీద ఐదేళ్ల కింద బిగించినదాన్ని ఏ చట్టమూ వచ్చి మార్చదు. అబ్బాయి పెట్టే అడ్మిన్ ఎట్ 123ని కూడా ఏ ల్యాబూ పట్టుకోదు.

సరే, ఏం చేయాలి. మొదటిది, డీవీఆర్ దగ్గరకి మీరే వెళ్లి, లేదా అబ్బాయిని పిలిపించి పక్కన నిలబడి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేత్తో మార్చండి. టైప్ చేసేటప్పుడు అతన్ని పక్కకి చూడమనండి, మొహమాటం వద్దు, ఏటీఎంలో పిన్ కొట్టేటప్పుడు పడతామా మొహమాటం? పాస్‌వర్డ్ ఏం పెట్టాలంటే, అపార్ట్‌మెంట్ పేరు వద్దు, ఫ్లాట్ నంబర్ వద్దు, సెక్రటరీ గారి ఫోన్ నంబర్ అసలే వద్దు. సంబంధం లేని మూడు నాలుగు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లీష్ అక్షరాల్లో కలిపి రాయండి, మధ్యలో ఒక అంకె పెట్టండి. పొడవుగా ఉంటుంది, మీకు గుర్తుంటుంది, 62 జతల లిస్టులో గానీ అంతకంటే పెద్ద లిస్టుల్లో గానీ ఉండదు. కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టుకోండి. కాగితం మీద రాయకూడదని ఎవరో చెప్పి ఉంటారు. ఇంటి పాస్‌వర్డ్‌కి ఆ భయం అక్కర్లేదు, వేరే దేశం నుంచి తట్టే యంత్రం మీ బీరువా తెరవలేదు. డీవీఆర్ మీద స్టిక్కర్ మాత్రం అంటించకండి, వాచ్‌మన్ గదిలో క్యాలెండర్ వెనక రాసిపెట్టడం కూడా వద్దు.

అడ్మిన్ అకౌంట్ అసోసియేషన్‌లో ఇద్దరి దగ్గరే ఉండాలి. వాచ్‌మన్‌కి చూసే హక్కు మాత్రమే ఉన్న వేరే యూజర్ చేసివ్వండి, దాదాపు అన్ని డీవీఆర్‌లలో ఆ సౌకర్యం ఉంటుంది. సర్వీస్ అబ్బాయికి కూడా వేరే యూజర్, ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, అయిపోగానే ఆ యూజర్‌ని తీసేయండి. దీనివల్ల అతనికీ మేలే, ఏదైనా జరిగితే ‘నా దగ్గర తాళం లేదు’ అని చెప్పుకోవచ్చు. అసోసియేషన్ కమిటీ మారినప్పుడు లెక్కల పుస్తకం ఎలా అప్పగిస్తారో పాస్‌వర్డ్ కూడా అలాగే మార్చి అప్పగించాలి. ఫోన్ యాప్‌లో ఎవరెవరి ఫోన్లు కలిపి ఉన్నాయో కూడా చూడండి, రెండేళ్ల కింద ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్లినవాళ్ల ఫోన్లో ఇంకా మన లిఫ్ట్ కనిపిస్తూ ఉండొచ్చు.

తర్వాత రౌటర్. ఇక్కడ చాలామందికి తెలియనిది ఏంటంటే రౌటర్‌కి రెండు పాస్‌వర్డ్‌లుంటాయి. ఒకటి వైఫైది, చుట్టాలొస్తే చెప్పేది. రెండోది రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి. మొదటిది మారుస్తాం, రెండోది అడ్మిన్ అడ్మిన్‌గానే ఉండిపోతుంది. ఆ రెండోది చేతికి చిక్కితే డీఎన్ఎస్ అనే సెట్టింగ్ మార్చి, మీరు బ్యాంక్ సైట్ అడ్రసు కరెక్ట్‌గా కొట్టినా వేరే దొంగ పేజీకి పంపించే ప్రయత్నం చేయొచ్చు. రౌటర్ వెనక స్టిక్కర్ మీద అడ్రసు ఉంటుంది, చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1. లోపలికి వెళ్లి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే బయటి నుంచి రౌటర్ సెట్టింగులు మార్చే దారి, ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, యూపీఎన్‌పీ ఆఫ్ చేయండి. యూపీఎన్‌పీ అంటే లోపలి పరికరాలు మిమ్మల్ని అడక్కుండానే బయటికి దారి తెరుచుకునే ఏర్పాటు. కుదిరితే కెమెరాలు, టీవీలు, బల్బులు అన్నీ గెస్ట్ వైఫై మీద పెట్టి, మీ ల్యాప్‌టాప్, ఫోన్ వేరుగా ఉంచుకోండి.

పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి, అంటే రౌటర్‌లో బయటి నుంచి డీవీఆర్‌కి నేరుగా దారి తెరిచి, స్టాటిక్ ఐపీ, అంటే మారని నెట్ అడ్రసు, కొని డీవీఆర్‌ని నేరుగా నెట్ మీద పెట్టిన బిల్డింగులు ఇంకా ఉన్నాయి. అది పాత పద్ధతి, తీసేయించండి. ఇంటి నుంచి చూడాలంటే కంపెనీ యాప్ ద్వారా చూడండి, లేదా తెలిసినవాళ్లతో వీపీఎన్, అంటే మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి, పెట్టించుకోండి. చెక్ చేయడం ఎలాగంటే, ఫోన్‌లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద మీ బిల్డింగ్ ఐపీ అడ్రసు బ్రౌజర్‌లో కొట్టండి. డీవీఆర్ లాగిన్ పేజీ వచ్చిందంటే లోకమంతటికీ వస్తున్నట్టే. పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట, ఈ పరీక్ష మీ బిల్డింగ్ మీదే చేయండి. పక్కవాళ్ల కెమెరాలో అడ్మిన్ అడ్మిన్ కొట్టి చూద్దాం అని సరదాకి కూడా చేయకండి. పాస్‌వర్డ్ సులువుగా ఉంది కదా అని లోపలికి వెళ్లినా అది ఐటీ చట్టం ప్రకారం నేరమే, మూడేళ్ల దాకా జైలు ఉంది.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దాయన: మా డీవీఆర్ ఎనిమిదేళ్ల నాటిది. పాస్‌వర్డ్ మార్చినా లోపల వేరేది ఉంటుందన్నారు కదా, మరి పారేయాలా?)

పారేయక్కర్లేదండీ. దాని నెట్ కేబుల్ పీకేయండి. రికార్డింగ్ నెట్ లేకుండానే అవుతుంది, హార్డ్ డిస్క్‌లో పడుతుంది, గేటు దగ్గర టీవీలో కనిపిస్తుంది. ఫోన్‌లో చూడటం ఒక్కటే పోతుంది. అది తప్పకుండా కావాలంటే అప్పుడు కొత్తది కొనండి. పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చేటప్పుడు హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి, అందులో మీ ఇంటి ఆడపిల్లల రాకపోకలన్నీ ఉంటాయి.

(ఒకావిడ: కెమెరాలోకి ఎవరో వచ్చారని అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి?)

ముందు నెట్ తీసేయండి అమ్మా, రికార్డింగ్ చెరపకండి, డీవీఆర్ రీసెట్ కొట్టకండి, లోపల లాగ్స్, అంటే ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో రాసుకున్న చిట్టా, ఉంటాయి, అవి ఆధారాలు. వీడియోలు బయటికి పోయాయన్నా, ఎవరైనా డబ్బులడిగి బెదిరించినా వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా కేంద్రం వాళ్ల సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మన తెలంగాణలో దీనికోసమే సైబర్ సెక్యూరిటీ బ్యూరో కూడా ఉంది. సిగ్గుపడి దాచుకోకండి, తప్పు మీది కాదు. అనుమతి లేకుండా ఒకరి శరీరంలోని రహస్య భాగాల్ని చిత్రీకరించినా, పంచినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద శిక్ష ఉంది.

(ఒక యువకుడు: మా వెండర్‌ని అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే, ఇస్తే వారంటీ పోతుంది, సర్వీస్ చేయం అంటున్నాడు సార్.)

డబ్బులు ఎవరు కట్టారు? అసోసియేషన్ కట్టింది. డబ్బాలో వచ్చిన వారంటీ కార్డు తీసి అతనికే చూపించి, పాస్‌వర్డ్ మారిస్తే వారంటీ పోతుందని అందులో ఎక్కడుందో చూపించమను. కంపెనీ కస్టమర్ కేర్‌కి సీరియల్ నంబర్, బిల్లు పంపి మీరే రీసెట్ చేయించుకోవచ్చు, పేరున్న కంపెనీలన్నిటికీ ఆ పద్ధతి ఉంటుంది. ఈసారి ఏఎంసీ కాగితం రాసేటప్పుడు ఒక లైను చేర్చండి, అడ్మిన్ పాస్‌వర్డ్ అసోసియేషన్ దగ్గరే ఉంటుంది, వెండర్‌కి విడిగా సర్వీస్ యూజర్ ఇస్తాం అని. దానికి సంతకం పెట్టనన్న వెండర్‌కి చెక్ ఇవ్వకండి.